పాతబస్తీలో వాల్వు రేడియోల మరమ్మతు

హైదరాబాద్ పాతబస్తీలో, ముఖ్యంగా ఛత్తా బజార్‌లో, రేడియో ప్రసారాల వెంట పెరిగిన వృత్తి. దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న 200 వాట్ల శక్తితో ప్రసారాలు మొదలుపెట్టింది. 1950 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వ ఆధీనంలోకి వెళ్లి, తర్వాత ఆకాశవాణిలో విలీనమైంది. మర్ఫీ, ఫిలిప్స్, గ్రండిగ్ వంటి సెట్లు ఇళ్లకు చేరడంతో మెకానిక్‌లకు గిరాకీ ఏర్పడింది. ఛత్తా బజార్‌లోని మహబూబ్ రేడియో సర్వీస్ ఈ పనికి పేరుపొందింది.

పనితీరు: వాల్వులో ఫిలమెంటు వేడెక్కాకే శబ్దం వస్తుంది. ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోతే స్పీకర్‌లో గుయ్యిమనే మోత వినిపిస్తుంది. డయల్ తాడు తెగితే ముల్లు కదలదు. స్విచ్చి ఆపినా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. అందుకే మెకానిక్ ముందు వాటిని డిశ్చార్జి చేస్తాడు.

మార్పులు: ట్రాన్సిస్టర్ సెట్లు వచ్చాక వాల్వుల వాడకం తగ్గింది. 1969లో ఢిల్లీ నుంచి వెలువడిన ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ పత్రిక సర్క్యూట్లను అభిరుచిగలవారికి చేరువ చేసింది. విడిభాగాలకు కోఠీలోని గుజరాతీ గల్లీ కేంద్రమైంది. వాల్వులు అరుదైనందున, పనికిరాని పాత సెట్ల నుంచి తీసిన భాగాలను కూడా మరమ్మతులకు వాడతారు.