దళిత స్త్రీని ఏ చట్టం గుర్తుపడుతుంది?

స్త్రీల హక్కుల చట్టాలను అంతర్జాతీయ ప్రమాణాలతో పోల్చేవాళ్లు ఢిల్లీ నుంచో జెనీవా నుంచో మొదలుపెడతారు. మేము తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పల్లెల నుంచి మొదలుపెడతాం. 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి కారంచేడూ చుండూరూ రెండూ వచ్చాయి. ఈ రెండు పేర్లూ లేకుండా అత్యాచారాల నిరోధక చట్టం చరిత్ర రాయడం కుదరదు.

1985 జులైలో కారంచేడు మంచినీళ్ల చెరువును పాడుచేస్తుంటే ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తి ఎదిరించింది. జులై 17న కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడవాళ్లను చెరిచారు. అప్పటికి దళితుల కోసం ఉన్నది 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టమే. కారంచేడు ఉద్యమం లాంటి పోరాటాల ఒత్తిడి వల్లనే 1989 చట్టం వచ్చి, 1990 జనవరి 30 నుంచి అమలైంది. దళిత స్త్రీని అవమానించాలని దాడి చేయడం, పెత్తనం అడ్డుపెట్టుకుని లైంగికంగా వాడుకోవడం అందులో విడి నేరాలు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ తర్వాత అగ్రకుల స్త్రీలు రోడ్డెక్కి, దళిత మగవాళ్లు తమను అల్లరిపెట్టారని మంత్రుల కార్లు ఆపారు. మరి మగదిక్కు పోయిన మాలపల్లె ఆడవాళ్లు స్త్రీలు కారా? 'స్త్రీ' అనే మాటను కులం ఎట్లా పంచుకుంటుందో అక్కడ బట్టబయలైంది. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

స్త్రీల పట్ల వివక్షను రూపుమాపే ఐక్యరాజ్యసమితి ఒప్పందం 1979 నాటిది. భారత ప్రభుత్వం 1993 జులై 9న దాన్ని ఆమోదిస్తూనే ఒక మెలిక పెట్టింది: ఏ సముదాయమైనా తనంతట తాను ముందుకొచ్చి ఒప్పుకుంటే తప్ప దాని సొంత వ్యవహారాల్లో జోక్యం చేసుకోదట. సముదాయం అంటే ఎవరు? ఊరి పెద్దలా, పొలంలో నాట్లేసే కూలి స్త్రీలా?

ఒప్పందంలోనూ లోటుంది. దాని పాఠంలో కులం అనే మాటే లేదు. ఆ కమిటీ 2010 నాటి తన 28వ సాధారణ సిఫారసులో స్త్రీల వివక్షతో ముడిపడిన వాటిలో కులాన్ని పేర్కొంది. జాతివివక్ష కమిటీ 2002లోనే 'వంశం' అంటే కులం కూడా అని తేల్చినా, మన ప్రభుత్వం ఆ అర్థాన్ని ఒప్పుకోలేదు. అంటే కులం విషయంలో మన చట్టం ముందుంది, ఒప్పందం వెనకబడింది. అయితే కులమూ ఆడతనమూ కలిసి చేసే గాయాన్ని చూడడంలో మన కోర్టులూ తడబడుతున్నాయి.

దీనికి మన రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది. చూపులేని దళిత యువతిపై అత్యాచారం కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కులం, లింగం, వైకల్యం కలిసే ఆమెను అణిచాయని వివరంగా రాసింది. యావజ్జీవ శిక్షనూ ఖాయం చేసింది. కానీ కులం కారణంగానే నేరం జరిగిందనడానికి సాక్ష్యం లేదని అత్యాచారాల చట్టం కింది శిక్షను కొట్టేసింది. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణ ప్రకారం, బాధితురాలు దళితురాలని నిందితుడికి తెలిస్తే చాలు. ఈ నేరం అంతకు ముందుది కాబట్టి ఆ వెసులుబాటు అందలేదు.

అదే సవరణ బాధితులకూ సాక్షులకూ హక్కులిచ్చింది. బెయిలు విషయంలో వాళ్ల మాట వినాలి, కోర్టుకు రావడానికి ఖర్చులివ్వాలి, రక్షణ కల్పించాలి. ఈ సంగతి కూలికి పోయే స్త్రీకి చెప్పేదెవరు? జెనీవా నివేదికలు చదవడంతో పాటు పోలీసు స్టేషన్‌లో ఆమె ఫిర్యాదులో కులమూ, నిందితుడికి ఆమె కులం తెలుసన్న సంగతీ రాయించడం కార్యకర్తల పని. లేదంటే ఏ ప్రమాణమూ మాలమాదిగ పల్లెల దాకా రాదు.