పిన్‌బాల్ పెట్టెలో పాత మెకానిక్కుల జాడలు

1976 ఏప్రిల్. న్యూయార్క్ నగర కౌన్సిల్ కమిటీ ముందుకు రోజర్ షార్ప్ అనే పత్రికా రచయిత సాక్షిగా వచ్చాడు. పిన్‌బాల్ జూదం కాదు, చేతి నేర్పుతో ఆడే ఆటేనని అతను నిరూపించాలి. అందుకోసం రెండు యంత్రాలు సిద్ధం చేశారు. ఒకటి ఆడి చూపించడానికి, రెండోది మొదటిది మొరాయిస్తే అక్కరకొస్తుందని. కమిటీలో ఒకాయనకు అనుమానం వచ్చింది. మొదటిదాంట్లో ఏదైనా మతలబు ఉందేమో, రెండోదాని మీదే ఆడమన్నాడు. షార్ప్ సరేనన్నాడు. బంతి ఏ దారిలోంచి దిగుతుందో ముందే చెప్పి ప్లంజర్ లాగి వదిలాడు. చెప్పిన దారిలోనే దిగింది. 1942 జనవరిలో మేయర్ లా గార్డియా యంత్రాలను సుత్తితో పగలగొట్టించి మరీ అమలు చేసిన నిషేధం ఆ ఏడాదే తొలగిపోయింది.

ఆ షాటు కథ చాలామందికి తెలుసు. అదనంగా ఇంకో యంత్రం ఎందుకు తేవలసి వచ్చిందన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు. అప్పటి పిన్‌బాల్ యంత్రాన్ని తెరిచి చూసినవాళ్లకు ఆ సంగతి చెప్పనక్కర్లేదు.

మొదట్లో ఈ ఆటలో కరెంటే లేదు. స్ప్రింగు ప్లంజర్‌తో గోలీని తోసే బల్లకు సిన్సినాటిలో మాంటేగ్యూ రెడ్‌గ్రేవ్ 1871లో పేటెంట్ తీసుకున్నాడు. 1931లో షికాగోలో గాట్లీబ్ కంపెనీ తెచ్చిన 'బాఫిల్ బాల్' కూడా మేకులూ గుంటలే. రెండేళ్లకు హ్యారీ విలియమ్స్ 'కాంటాక్ట్' అనే ఆటలో బ్యాటరీలు పెట్టి, గుంటలో పడ్డ బంతిని కాయిల్ దెబ్బతో బయటికి తన్నించాడు. 1947లో 'హంప్టీ డంప్టీ'తో బంతిని కొట్టే ఫ్లిప్పర్లు వచ్చాయి. అక్కణ్నుంచి 1970ల చివరిదాకా పెట్టె నిండా రిలేలూ (కరెంటుతో కదిలే స్విచ్చులు), స్టెప్పర్లూ (మెట్టు మెట్టుగా తిరిగే స్విచ్చులు), తీగలే. చిప్పు లేదు, ప్రోగ్రాం లేదు. కరెంటు తీసేసినా స్కోరు చెరిగిపోదు. అంకెల చక్రాలు ఎక్కడ ఆగాయో అదే దాని జ్ఞాపకం.

మన దేశంలో పాత స్ట్రౌజర్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో పనిచేసినవారికి ఈ సామాను కొత్తకాదు. అవే రిలేలు, అదే టకటక చప్పుడు, అదే దుమ్ము జబ్బు.

ఒక లోపాన్ని దగ్గరగా చూద్దాం. కొత్త ఆట మొదలుపెట్టగానే లోపల స్కోరు మోటారు తిరుగుతుంది. దాని ఇరుసు మీది క్యామ్‌లు స్విచ్చులను మూసి తెరుస్తూ అంకెల చక్రాలను ఒక్కో మెట్టు ముందుకు నెడతాయి. చాలా మోడళ్లలో ప్రతి చక్రానికీ ఒక స్విచ్ ఉంటుంది. చక్రం సున్నాకు చేరగానే అది తెరుచుకుంటుంది. అన్నీ తెరుచుకుంటే మోటారు ఆగి బంతి బయటికొస్తుంది. కొన్ని యంత్రాల్లో మోటారు గిర్రున తిరుగుతూనే ఉంటుంది, బంతి రాదు. కొత్తవాళ్లు మోటారును అనుమానిస్తారు. దాన్ని ముట్టుకోనే అక్కర్లేదు, స్కోరు కనిపించే అద్దంలోకి చూస్తే చాలు. ఏదో ఒక చక్రం 7 దగ్గరో 9 దగ్గరో బిగుసుకుని ఉంటే జబ్బు అక్కడుంది, పాత గ్రీజు జిగురుగా మారిందన్నమాట. అన్నీ సున్నాలే కనిపిస్తూ మోటారు ఆగకపోతే, ఏదో చక్రం వెనక స్విచ్ రేకులు విడివడడం లేదు. యంత్రం తన రోగం తానే చెబుతుంది.

ఫ్లిప్పరు సంగతి ఇంకా ముచ్చటైనది. దాని కాయిల్‌లో రెండు చుట్లుంటాయి. లావు తీగది కొట్టే బలానికి, సన్న తీగది పైకెత్తి నిలబెట్టడానికి. ఫ్లిప్పరు పైకి లేవగానే ఒక చిన్న స్విచ్ తెరుచుకుని సన్న తీగను కూడా దారిలోకి తెస్తుంది, కరెంటు తగ్గుతుంది. ఆ స్విచ్ పాయింట్లు మాడి నల్లబడితే ఫ్లిప్పరు నీరసంగా లేస్తుంది. అసలు తెరుచుకోకపోతే కాయిల్ కాలి పొగలొస్తాయి. పాపం, చాలామంది నాలుగైదు కాయిల్స్ మార్చాక గానీ ఆ స్విచ్ వైపు చూడరు.

ఆట మొదలవగానే 'టిల్ట్' దీపం వెలిగితే వైర్లు పీకక్కర్లేదు. పెట్టెను కుదిపినవాణ్ని పట్టుకోవడానికి రింగు మధ్య ఒక లోలకం వేలాడుతుంటుంది. పెట్టె కాళ్లు ఎగుడుదిగుడైతే అది రింగుకు ఆనుకుపోతుంది. ముందు కాళ్లు సరిచేయాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ యంత్రాలను చెడగొట్టింది వయసు కాదు, రిపేరు పేరుతో వేలు పెట్టినవాళ్లు. తరచూ ఎగిరే ఫ్యూజుకు కారణం వెతకకుండా సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టినవాళ్లు కొందరు. బిగుసుకున్న స్టెప్పర్ మీద నూనె స్ప్రే కొట్టినవాళ్లు ఇంకొందరు. ఆ నూనె దుమ్మును పట్టి మరింత బిగుస్తుంది, పాయింట్ల నిప్పురవ్వలకు అంటుకునే ప్రమాదమూ ఉంది. స్పిరిటుతో కడిగి ఆరబెట్టడమే దానికి మందు. రిలే పాయింట్లను సన్నటి ఆకురాయితో సుతారంగా రుద్దాలి. తర్వాతి ఎలక్ట్రానిక్ యంత్రాల స్విచ్చులకు మాత్రం బంగారు పూత ఉంటుంది, ఆకురాయి తగిలితే ఆ పూత పోయినట్టే. వాటి మధ్య విజిటింగ్ కార్డు పెట్టి లాగితే చాలు.

1970ల చివర్లో వచ్చిన ఆ ఎలక్ట్రానిక్ యంత్రాల రోగాలు వేరు. బాలీ కంపెనీ బోర్డు మీద చిన్న దీపం ఒకటుంది. స్విచ్ వేయగానే ఒకసారి మినుక్కుమని, తర్వాత ఏడుసార్లు వెలిగితే పరీక్షలన్నీ నెగ్గినట్టు. నాలుగో వెలుగు రాక ఆగిపోతే ఫలానా చిప్పు చూడమని అర్థం. తెలివైన ఏర్పాటే. కానీ అదే బోర్డు మీద అతికించిన రీచార్జి బ్యాటరీ కారి, రాగి గీతలను చిలుము తినేసి, ఎన్నో బోర్డులు దీపం వెలిగే స్థితిలో కూడా లేకుండా పోయాయి.

అమెరికాలో పాత పెట్టె కొని ఇండియాకు తెచ్చుకోవాలనుకునేవారికి ఒక మాట. అక్కడి యంత్రం మామూలుగా 115 వోల్టులది, మన గోడలో 230 ఉంటుంది. ప్లగ్గు మారిస్తే సరిపోదు, తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. స్విచ్ వేసే ముందు ఫ్యూజులన్నీ తీసి, వాటి మీది ఆంపియర్ల అంకె పక్కనున్న చీటీతో పోల్చుకోండి. పెట్టె అడుగున మడతపెట్టిన పెద్ద కాగితం కనిపిస్తే చెత్త అనుకుని పారేయకండి. అది ఆ యంత్రం వైరింగ్ పటం.