ఒమాన్‌లో ఎండదెబ్బకు సెలైన్: రూములో వద్దు, ఆస్పత్రిలోనే

ఎండలో పనిచేసి నీరసం వస్తే "ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుంటే సరి" అనుకుంటారు మనోళ్లు. మెలకువగా ఉండి తాగగలిగితే చాలాసార్లు ఓఆర్‌ఎస్ సరిపోతుంది. లీటరు నీళ్ల ప్యాకెట్ కలిపి కొద్దికొద్దిగా తాగండి. స్పృహ తప్పినా, మాట తడబడినా ఆలస్యం చేయొద్దు. మనిషిని నీడకు చేర్చి, ఒళ్లు తడిపి చల్లబరుస్తూ 9999కు ఫోన్ చేయండి.

రూములో తెలిసినవాళ్లతో సెలైన్ పెట్టించుకోవద్దు. ఒమాన్‌లో లైసెన్సు లేకుండా నర్సు పని చేయడం చట్టవిరుద్ధం. పైగా గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి సెలైన్ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికొస్తుంది.

ఆస్పత్రిలో చూసుకోవాల్సినవి:

- నర్సు చేతులు శుభ్రం చేసుకోవాలి, మీ పేరు అడగాలి, కొత్త సూదే వాడాలి.
- పాత జబ్బులు, వాడే మందులు, పడని మందులు ముందే చెప్పండి.
- సూది దగ్గర వాపు, మంట ఉన్నా, చలి, వణుకు, ఆయాసం వచ్చినా వెంటనే పిలవండి. చుక్కల వేగం మీరు మార్చొద్దు.

మన నర్సమ్మలకు ఒక మాట: క్యాంపులో ఊరివాళ్లు బతిమాలినా, డాక్టర్ రాయకుండా ఎక్కించకండి. తేడా వస్తే ప్రాణం వాళ్లది, లైసెన్సు మీది.

జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదన్నది ఒమాన్ నిబంధన. ఆ విరామం మీ హక్కు.