149 డాలర్ల చిప్ 669 డాలర్ల చిప్‌ను అందుకున్న కథ

స్కాలర్‌షిప్ డబ్బులు పడగానే మనోళ్లు ఇద్దరు ముగ్గురు అడిగారు: "అన్నా, తక్కువ ధర ప్రాసెసర్ కొని ఓవర్‌క్లాక్ చేస్తే సరిపోతదా?" ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. అసలు ఈ ఆశ ఎక్కడ పుట్టిందో ముందు చెప్పుకుందాం.

1998 ఏప్రిల్‌లో ఇంటెల్ సెలెరాన్ అనే చౌక చిప్ తెచ్చింది. ధర తగ్గించడానికి అందులో ఎల్2 క్యాష్ మొత్తం తీసేసింది. క్యాష్ అంటే ప్రాసెసర్‌కు చేతికందే దూరంలో ఉండే చిన్న మెమరీ. అది లేకపోతే ప్రతిసారీ ర్యామ్ దాకా పోవాల్సిందే, ఊళ్లో బోరింగ్ చెడిపోతే బిందె పట్టుకుని వాగుకు పోయినట్టు. జనం పెదవి విరిచారు. ఆగస్టు 24న సెలెరాన్ 300ఏ వచ్చింది. ఈసారి 128 కేబీ క్యాష్‌ను చిప్‌లోనే పెట్టారు, అది ప్రాసెసర్‌తో సమాన వేగంతో నడిచేది. ధర 149 డాలర్లు. అదే రోజు వచ్చిన 450 మెగాహెర్ట్జ్ పెంటియం 2 ధర 669 డాలర్లు.

ఇప్పుడు లెక్క చూడండి. 300ఏ గుణకం 4.5, దాన్ని మార్చకుండా తాళం వేశారు. బస్ వేగం 66. గుణిస్తే 300. కానీ బస్‌కు తాళం లేదు! 440బీఎక్స్ బోర్డులో బస్‌ను 100 చేస్తే 450 అయ్యేది. 75, 83 కూడా పెట్టొచ్చు గానీ, అప్పుడు పీసీఐ లైను కూడా హద్దు దాటి డిస్కులు, కార్డులు మొరాయించేవి. 100 దగ్గర బోర్డు దాన్ని మూడుతో భాగించి మామూలు 33లోనే ఉంచేది. అంటే చిన్న అడుగు కంటే పెద్ద దూకుడే క్షేమం, వింతే కదా.

బోర్డులో ఆ సెట్టింగ్ లేనివాళ్లు చిప్ కార్డు మీద బీ21 అనే పిన్నుకు చిన్న టేపు ముక్క అంటించేవాళ్లు. అప్పుడు బోర్డు దాన్ని 100 బస్ చిప్ అనుకునేది. పెంటియం 2లో 512 కేబీ క్యాష్ ఉన్నా అది వేరే చిప్పుల్లో, సగం వేగంతో నడిచేది. అందుకే చాలా పనుల్లో రెండింటికీ పెద్ద తేడా కనపడలేదు. అన్ని 300ఏలూ 450 అందుకోలేదు, కొన్నిటికి వోల్టేజీ కాస్త పెంచాల్సి వచ్చేది.

2000లో ఏఎండీ డ్యూరాన్ వచ్చింది. దాని మీది తెగిన గీతలను పెన్సిల్‌తో కలిపితే గుణకం తాళం ఊడిపోయేది. 2011లో శాండీ బ్రిడ్జ్‌తో ఇంటెల్ ఈ దారి దాదాపు మూసేసింది, పేరు చివర 'కే' ఉన్న ఖరీదైన చిప్పులకే పూర్తి వదులు ఇచ్చింది. 2014లో పెంటియం జీ3258ను చౌకగా, తాళం లేకుండా వదిలింది. కానీ దానికి రెండు కోర్లే. ఫార్ క్రై 4 లాంటి ఆట నల్ల తెర దగ్గరే ఆగిపోయింది. వేగం పెంచితే కోర్లు పుట్టవు కదా. 2017 రైజెన్ చిప్పులన్నిటికీ తాళం లేదు, ఆరు కోర్ల రైజెన్ 5 1600కు కూడా. అయితే బీ350 బోర్డు ఉండాలి, ఏ320 మీద కుదరదు.

అందుకే మా మాట: చిప్ కంటే ముందు బోర్డు పేరు అడగండి. మేం డబ్బులు పోగేసి పాత 2500కే కొన్నాం. అమ్మినాయన దాంతో హెచ్61 బోర్డు అంటగట్టాడు. హాస్టల్ గదికి తెచ్చి రాత్రంతా బయోస్‌లో వెతికాం, ఓవర్‌క్లాక్ ఆప్షనే లేదు. అది ఇప్పటికీ మామూలు వేగంతోనే నడుస్తోంది. ఈ పోస్ట్ దాని మీదే టైప్ చేశాం.