మెక్సికో గడ్డ, మన దండ

కరీంనగర్‌లో పూల దుకాణానికి పోయి లిల్లీ అడిగితే తూచి ఇచ్చే తెల్లపూలు అసలు లిల్లీలే కావు, నేలసంపెంగలు. సిసలైన లిల్లీ చలిని కోరుకునే మొక్క. కవరు మీది బొమ్మకు మురిసి గడ్డలు తెప్పించుకున్నవాళ్లకు మొదటి ఏడు పూస్తుంది. మన ఎండలకు రెండో ఏటికి గడ్డ మిగిలితే గొప్పే. నేలసంపెంగకు ఆ బాధ లేదు.

దాని పుట్టిల్లు మెక్సికో. స్పెయిన్ వాళ్లు అడుగుపెట్టక ముందే అజ్టెక్‌లు దీన్ని పెంచేవారు. ఇప్పుడు అక్కడి అడవుల్లోనూ కనిపించదు. మనుషులు సాకబట్టే బతికింది. ఓడలెక్కి ఐరోపాకు, అక్కడినుంచి మనదాకా వచ్చింది. బతుకమ్మలో పేర్చే బంతి పుట్టిల్లూ మెక్సికోనే. తంగేడు మాత్రం అచ్చంగా మనది.

1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ నేలసంపెంగకు పొలియాంథెస్ ట్యూబరోసా అని పేరు పెట్టాడు. ఈమధ్య శాస్త్రజ్ఞులు తీసుకుపోయి కిత్తనార ఉన్న అగేవ్ ప్రజాతిలో కలిపారు. చేను కంచెలో ముళ్లతో నిలబడే కిత్తనారకు ఈ పూలమొక్క చుట్టమంటే నమ్మబుద్ధి కాదు గానీ, గుణం ఒకటే. కిత్తనార జన్మకొక్కసారి పూసి ఎండిపోతుంది. ఇక్కడా ఒకసారి పూలకాడ వేసిన గడ్డ మళ్లీ పూయదు. పక్కన పుట్టిన పిల్లగడ్డలదే తర్వాతి వంతు. కుదురు తవ్వి చూస్తే వడలిన తల్లిగడ్డ చుట్టూ ఎల్లిగడ్డ రెబ్బల్లా అతుక్కొని ఉంటాయి. బొటనవేలంత లావున్నవి ఏరి, కొన్నాళ్లు నీడన ఆరబెట్టి, మొన పైకి ఉండేలా మూడువేళ్ల లోతున నాటాలి. చెల్క నేల, మాగిన పెంట ఉంటే మూడు నెలలకు కాడ తొంగిచూస్తుంది. ఆదిలాబాద్ రేగడిలో వాననీళ్లు నిలిచి గడ్డ కుళ్లుతుంది కాబట్టి ఎత్తు బోదెల మీద పెట్టడం మేలు.

హైదరాబాద్ సింగిల్, హైదరాబాద్ డబుల్ అని మన పట్నం పేరుతోనే రకాలున్నాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారు శృంగార్‌ను మెక్సికన్ సింగిల్‌తో కలిపి ప్రజ్వల్‌ను తీశారు. దాని మొగ్గ మీద లేత గులాబీ ఛాయ ఉంటుంది. ముద్దపూలు గాజు సీసాలో నిలబెట్టడానికి బాగుంటాయి. దండకైనా, వాసనకైనా నా ఓటు ఒంటిరేకు పూలకే.

మరి ఇక్కడి అడవుల్లో పుట్టిన లిల్లీ లేదా అంటే, దాని దూరపు చుట్టం నాభి ఉంది. వానలు పడ్డాక ఆదిలాబాద్ అడవి అంచున, ఆకుల కొసలనే మెలితిప్పి పట్టుకుంటూ పొదలెక్కుతుంది. మొదట పసుపు, కొసన ఎరుపు ఉన్న రేకులు వెనక్కి వంగి పైకి నిక్కుతాయి. అగ్నిశిఖ అన్నది అందుకే. తమిళనాడుకు అది రాష్ట్రపుష్పం; అక్కడి రైతులు గింజల కోసం దాన్ని పొలాల్లో సాగుచేస్తారు. గింజల్లోని కొల్చిసిన్ గౌట్ జబ్బుకు మందు. అదే కొల్చిసిన్ గడ్డలోనూ ఉంది, ప్రాణం తీసేటంత. కందగడ్డ అనుకొని వండుకుని చచ్చిపోయినవాళ్లున్నారు. పెరట్లో పెట్టుకోవాలన్న సరదా ఉంటే కూరగడ్డల మడికి దూరంగా, పిల్లల చేతికి అందని మూలన పెట్టుకోవాలి.