మచ్చలకు మూలికా వైద్యం: చర్మం దాటితేనే ఫలితం

సూరత్: కాలిన గాయం మానినా మచ్చ మిగులుతుంది. కీళ్ల వద్ద మచ్చ బిగుసుకుంటే చేయి చాచడం, వేళ్లు ముడవడం కూడా కష్టమవుతుంది. గుజరాత్‌లోని వస్త్ర పరిశ్రమ కేంద్రం సూరత్‌లో ఇది జీవనోపాధికి ముడిపడిన సమస్య. ఇక్కడి అద్దకం మిల్లులలో కార్మికులు ఆవిరి, మరిగే నీరు, రసాయనాల మధ్య పనిచేస్తారు. తెలంగాణ నుంచి వలస వచ్చి లింబాయత్ తదితర ప్రాంతాలలో స్థిరపడిన పద్మశాలీలు సహా ఎందరో తెలుగువారికి ఈ నగర వస్త్ర పరిశ్రమే ఆధారం.

మచ్చ ఎందుకు ఉబ్బుతుంది?

గాయాన్ని పూడ్చేందుకు శరీరం కొల్లాజెన్ అనే మాంసకృత్తును తయారుచేస్తుంది. అది అవసరానికి మించి పోగుపడితే మచ్చ ఉబ్బుతుంది. గాయం హద్దులోనే ఉన్న ఉబ్బెత్తు మచ్చను హైపర్‌ట్రోఫిక్ మచ్చ అని, హద్దు దాటి పక్క చర్మంలోకి పాకినదాన్ని కీలాయిడ్ అని వైద్యులు వ్యవహరిస్తారు.

మచ్చలకు మూలికల వాడకం ప్రాచీనమైనదే. వ్రణ చికిత్సకు సుశ్రుత సంహిత పేర్కొన్న 60 ఉపక్రమాలలో మచ్చ రంగును సరిచేసే కృష్ణకర్మ, పాండుకర్మ ఉన్నాయి. ఆధునిక పరిశోధకులు సరస్వతి ఆకుగా పిలిచే మండూకపర్ణి, పసుపు, ఉల్లి సారాలపై దృష్టి సారించారు.

అసలు అడ్డంకి

మూలికలో గుణం ఉన్నంత మాత్రాన అది మచ్చ లోపలికి చేరదు. చర్మపు పైపొర మందం 10 నుంచి 20 మైక్రోమీటర్లే అయినా అది గట్టి కోట. సాధారణంగా అణుభారం 500 డాల్టన్లు మించిన పదార్థాలు దాన్ని దాటలేవు. మండూకపర్ణిలోని ఏషియాటికోసైడ్ అణుభారం సుమారు 959. దానినుంచి చక్కెర భాగాలు విడిపోగా మిగిలే ఏషియాటిక్ ఆమ్లానిది సుమారు 489. పసుపులోని కర్క్యుమిన్ అణుభారం 368 మాత్రమే అయినా అది నీటిలో కరగదు. పైగా లోతుగా కాలిన చోట రోమకూపాలు, స్వేద గ్రంథులు నశించడంతో ఆ దారులూ మూసుకుపోతాయి.

ఈ అడ్డంకిని దాటేందుకు రెండు మార్గాలు ముఖ్యమైనవి. కొవ్వు పదార్థం, ఆల్కహాల్‌తో చేసిన ఎథోసోమ్ అనే అతి సూక్ష్మ తిత్తులలో మందును నింపి పూయడం మొదటిది. కరిగిపోయే సూక్ష్మసూదుల పట్టీని అంటించడం రెండవది. మిల్లీమీటరులోపు పొడవుండే ఆ సూదులు పైపొరను దాటి, లోపల కరిగి మందును విడుదల చేస్తాయి. నొప్పి నివారణ పట్టీల వలె మందు రక్తంలో కలవడం ఇక్కడ లక్ష్యం కాదు. అది మచ్చలోనే నిలవాలి.

జాగ్రత్తలు

ఈ విధానాలు ఇంకా ప్రధానంగా పరిశోధన దశలోనే ఉన్నాయి. ఉల్లి సారం జెల్‌లపై జరిగిన అధ్యయనాల ఫలితాలు ఒకే రీతిగా లేవు. సిలికాన్ పట్టీలు, ఒత్తిడి కలిగించే దుస్తులు, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, అవసరమైతే శస్త్రచికిత్స నేటికీ ప్రధాన చికిత్సలు. కీలు బిగుసుకుంటే పూతల కోసం వేచి చూడక వ్యాయామ చికిత్స, వైద్యుల సలహా పొందాలి.

తాజాగా కాలిన గాయంపై ఆకు పసరు, పసుపు పూయరాదు. పారే చల్లని నీటిలో సుమారు 20 నిమిషాలు ఉంచి ఆసుపత్రికి చేరాలి. మూలికా పూతల వల్ల కొందరికి దద్దుర్లు రావచ్చు. ఆయుర్వేద ఔషధాల తయారీకి 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. కొనుగోలుదారులు ఆ సంఖ్యను చూసుకోవాలి.