సీమరొట్టె, ఎముకల రసం

వియత్నామీ భాషలో ‘తై’ అంటే పడమర. ఫ్రెంచివాళ్లతో పాటు ఊళ్లోకి దిగిన సరుకులకు అక్కడివాళ్లు ఆ మాట తోకలా తగిలించారు. బంగాళాదుంప ‘ఖ్వాయ్ తై’ అయింది. మనవాళ్లు సీమచింత, సీమవంకాయ అన్నట్టే. బేకరీ రొట్టెకు మొదట పడ్డ పేరు ‘బాన్ తై’, అచ్చంగా సీమరొట్టె. రానురాను ఆ ‘తై’ రాలిపోయి ‘బాన్ మీ’, గోధుమరొట్టె, అయింది. ఇవాళ ఆ పేరు చెబితే లోకానికి గుర్తొచ్చేది ఉత్త రొట్టె కాదు, పొట్ట చీల్చి మాంసం, ఊరగాయ కూరిన వియత్నాం సాండ్‌విచ్.

1859లో సైగాన్ ఫ్రెంచి సైన్యం చేతికి చిక్కింది. ఆ నేలలో గోధుమ పండదు, పిండి ఓడల్లో రావాలి. అందుకని రొట్టె దొరల బల్ల దిగలేదు. తినే పద్ధతీ వాళ్లదే: పళ్లెంలో రొట్టె, పక్కన వెన్న, హామ్, కాలేయంతో చేసే పాతే. రొట్టె దొరక్కపోయినా మాటలు మాత్రం బాగానే దొరికాయి. పాతే, హామ్, జున్ను, కాఫీ అన్నింటికీ వియత్నామీలో ఫ్రెంచి పేర్లే. సబ్బు, బొత్తాం అనే మాటలు పోర్చుగీసువాళ్ల దగ్గర పుచ్చుకున్న మనకు ఇది వింతేం కాదు.

రొట్టె సంగతి దక్షిణానిదైతే, నూడుల్స్ సూప్ పుట్టిల్లు ఉత్తరం. దాని పేరు మనం ‘ఫో’ అని రాసుకుంటాం గానీ పలికేటప్పుడు ‘ఫ’కు దగ్గరగా, గొంతు కిందికి దించి పైకి లేపుతారు. సరిగ్గా వినపడనప్పుడు మనం ‘ఆఁ?’ అంటామే, ఆ రాగం. ఎర్రనది డెల్టాలో ఎద్దు దున్నడానికే గాని కోయడానికి కాదు. ఫ్రెంచివాళ్లకేమో గొడ్డుమాంసం కావాలి. మెత్తని మాంసం వాళ్ల వంటిళ్లకు పోగా ఎముకలు, కండరాల ముక్కలు చవగ్గా మిగిలేవి. 20వ శతాబ్దం మొదట్లో నామ్ దిన్, హనోయ్ వీధుల్లో వాటిని గంటల తరబడి మరిగించి అమ్మేవాళ్లు తయారయ్యారు. భుజాన కావడి. ఒకవైపు నిప్పుల మీద రసం కుండ, రెండోవైపు బియ్యప్పిండి నూడుల్స్, గిన్నెలు.

పేరు ఎక్కడిదన్నది తెగని తగాదా. ఫ్రెంచివాళ్ల ‘పొతో ఫ’ అనే మాంసం పులుసు నుంచి వచ్చిందని ఒక వాదం. చైనీయుల ‘ఫన్’, అంటే బియ్యం నూడుల్స్, నుంచి వచ్చిందని ఇంకొకటి. 1931లో హనోయ్‌లో వెలువడిన నిఘంటువు రెండోదానికే ఓటేసింది. నాకూ అదే సబబనిపిస్తుంది. కాకపోతే రసంలో వేసే ఉల్లిని, అల్లాన్ని ముందుగా నిప్పుల మీద నల్లగా కాల్చడం చూస్తే మాత్రం కాస్త తటపటాయిస్తాను, ఫ్రెంచి వంటవాళ్లూ ఉల్లిని అలాగే కాలుస్తారు మరి. తక్కిన దినుసులు మనకు పరాయివి కావు: అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, నల్ల యాలకులు. మూతతీసిన బిర్యానీ డేగిసాలో చేపలసారం చుక్క పడ్డట్టుంటుంది ఆ వాసన.

1939 ప్రాంతంలో వారానికి రెండు రోజులు గొడ్డుమాంసం అమ్మకం ఆగింది. అమ్మేవాళ్లు ఆ రోజుల్లో కోడి వేశారు. నిష్ఠ గలవాళ్లు ముక్కు విరిచినా కోడి ఫో నిలబడిపోయింది.

1954లో జెనీవా ఒప్పందం దేశాన్ని రెండు చేసింది. (అదే ఏడాది ఫ్రెంచివాళ్లు మన యానాం కూడా వదిలి వెళ్లారు. వాళ్ల ఏలుబడిలో అక్కడ చెలామణీ అయిన రూపాయి నోట్లు జారీ చేసింది ఇండోచైనా బ్యాంకే.) ఉత్తరం నుంచి లక్షల మంది దక్షిణానికి తరలారు, వాళ్లతో ఫో కూడా దిగింది. సైగాన్ దాన్ని ఊరికే వదల్లేదు. మొలకలు, తులసి జాతి ఆకులు, నిమ్మబద్ద, తీపి సాసు వచ్చి గిన్నె పక్కన చేరాయి. రసం రుచి రసానిదేననే హనోయ్ పెద్దలకు ఇప్పటికీ ఇది గిట్టదు. నేను మాత్రం సైగాన్ పక్షం. ఆకులు తుంచి వేడి రసంలో వేసిన ఆ అరనిమిషం కోసమే వెళ్లేది.

అలా హనోయ్ నుంచి వచ్చిన దంపతులే సైగాన్‌లో ‘హ్వా మా’ అనే దుకాణం పెట్టారు. ముందు ఫ్రెంచి పద్ధతిలో పళ్లెంలో వడ్డించారు. పనికి, బడికి పరిగెత్తేవాళ్లకు కూర్చుని తినే తీరికెక్కడిది? అందుకని 1958 నాటికి రొట్టెను జానెడుకు కుదించి, అన్నీ అందులోనే కూరి, కాగితం చుట్టి చేతికివ్వడం మొదలుపెట్టారు. ఖరీదైన హామ్ తగ్గినచోట ఊరబెట్టిన ముల్లంగి, క్యారెట్, కీరా, కొత్తిమీర, మిరపకాయ నిండాయి. పైపెంకు కొరకగానే పెళుసుగా విరిగి ఒళ్లంతా రాలుతుంది, లోపల దాదాపు గాలే. రాలకపోతే అది బాన్ మీ కాదు.

అమెరికాతో యుద్ధకాలంలో హనోయ్‌లోని సర్కారు దుకాణాల ఫోలో మాంసం కనపడేది కాదు. పైలట్ లేకుండా ఆకాశంలో తిరిగే అమెరికా నిఘా విమానాలు చూసి, జనం దానికి ‘పైలట్ లేని ఫో’ అని పేరుపెట్టారు. సైగాన్‌లోని ‘ఫో బిన్’ది ఇంకో కథ. బిన్ అంటే శాంతి. కింద అమెరికా సైనికులు సూప్ తాగుతుంటే, మేడమీద కమ్యూనిస్టు గెరిల్లాల 1968 టెట్ పండుగ దాడికి మంతనాలు జరిగాయి.

1975 ఏప్రిల్ 30న సైగాన్ కూలింది. శరణార్థులు కాలిఫోర్నియా చేరారు. శాన్ హోసేలో ‘లీస్ సాండ్‌విచెస్’ కుటుంబం బండి మీద తిండి అమ్ముతూ 1983లో దుకాణం తెరిచింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 2007లో ఫోను, 2011లో బాన్ మీని చేర్చుకుంది. అమెరికాలో ఫో బోర్డుల మీద తరచు అంకెలుంటాయి. 75 అంటే సైగాన్ పడిన ఏడు, 54 అంటే ఉత్తరం విడిచిన ఏడు.

అదే శాన్ హోసేలో ఇవాళ తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు మధ్యాహ్నం ఫో దుకాణాల బల్లల దగ్గరే కనిపిస్తారు. గొడ్డుమాంసం తిననివాళ్లు ‘గా’ అని కోడిది అడుగుతారు. శాకాహారులకు మాత్రం ఒక జాగ్రత్త చెప్పాలి. కూరగాయల ఫో అన్నా కింది రసం ఎముకలదే కావచ్చు. బౌద్ధులు అమావాస్య, పౌర్ణమి వేళల్లో తినే శాకాహారాన్ని ‘చై’ అంటారు, మన చెవికి చాయ్ లాగే వినిపిస్తుంది. ఆ మాట పట్టుకుని అడగండి. టీ తెస్తారేమోనన్న భయం అక్కర్లేదు, టీని వాళ్లు ‘చా’ అంటారు.